మామిడి కాపు కొంటే తోట మీదవుతుందా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జానపద పాటల యూట్యూబ్ చానెళ్లు నడుపుతున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు ఒక బీట్ మేకర్ రాసుకుంటున్న బహిరంగ లేఖ.

నమస్కారం. నేను విజయనగరం కంటోన్మెంట్‌లో మేడ మీద రేకుల గదిలో బీట్లు, అంటే పాట కింద మోగే సంగీతం, చేస్తాను. వాన పడితే పని ఆపేయాలి, ఎండాకాలం ఫ్యాన్ ఆపకపోతే మైకులో గాలి చప్పుడే వస్తుంది. మీలో చాలామందికి నా మొహం తెలియదు గానీ గొంతు తెలుసు. వాట్సాప్‌లో పంపిన శాంపిల్‌లో ఇరవై సెకన్లకోసారి అడ్డం పడి, మీరు డబ్బులు వేశాక మాయమైపోయే గొంతు నాదే. ఆరేళ్లుగా మీకు బీట్లు ఇస్తున్నాను. పెళ్లి పాటలు, బావామరదళ్ల పాటలు, అమ్మవారి పాటలు, ఎన్నికలప్పుడు రెండు పార్టీల పాటలూ. (ఒకే బీట్ రెండు పార్టీలకీ వెళ్లిన కథ ఇక్కడ వద్దులెండి.)

ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు అని మొదలుపెడదామనుకున్నాను. కొంచెం ఫిర్యాదే.

రెండేళ్ల కిందట ఒక చానెల్‌కి 2,500 రూపాయలకి ఒక బీట్ ఇచ్చాను. పేరు చెప్పను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ మాట్లాడుకున్నాం. "బీటు బాగుంది తమ్ముడూ, తీసుకుంటన్నాం" అన్నారు. తీసుకోవడం అంటే ఏమిటో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. 2,500కి నేనెప్పుడూ లీజే ఇస్తాను, అంటే వాడుకోవడానికి ఇస్తాను, బీట్ నాదే ఉంటుంది, కాబట్టి నా లెక్కలో అది లీజు. డబ్బు ఇచ్చి ఫైలు తెచ్చుకున్నారు కాబట్టి వాళ్ల లెక్కలో అది కొనుగోలు. టీ డబ్బులు ఎవరివ్వాలన్న దాని మీద మాత్రం చాలాసేపు వాదించుకున్నాం.

నిరుడు దసరాల్లో అదే బీట్‌ని ఆమదాలవలస వైపు పాడే ఒక అమ్మాయికి లీజుకిచ్చాను. నాకు చెల్లి వరస. పైడితల్లమ్మ మీద పాట. దశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం కదా, దానికి నాలుగు రోజుల ముందు పాట పెట్టింది. బాగా ఎక్కింది. సరిగ్గా సోమవారం రాత్రి, తొలేళ్ల హడావుడిలో అందరం ఉండగా, దాని మీద యూట్యూబ్‌లో క్లెయిమ్ (ఈ ఆడియో మాది అన్న దావా) పడింది. ఆ పిల్ల మెయిల్ చూసుకోలేదు. పదకొండో రోజున ఫోన్ చేసి, "అన్నా, నా పాట కింద ఇంకెవలిదో పేరు వస్తంది, ఏటిది?" అంది. చూస్తే మన 2,500 చానెల్ వాళ్లు తమ పాటని డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని యాప్‌లకి ఎక్కించే కంపెనీ) ద్వారా కంటెంట్ ఐడీలో పెట్టేశారు. తర్వాతి వారం నా సొంత చానెల్‌లో ఉన్న బీట్ వీడియో మీద కూడా క్లెయిమ్ వచ్చింది. నేను చేసిన బీట్ నాది కాదని నాకే నోటీసు.

ఫోన్ చేశాను. "డబ్బులిచ్చీసినాం కదేటి తమ్ముడూ, ఇంక నీదేటి?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అర్థం కాక అడిగారు. వాళ్లు కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి ఊరుకునేవాణ్ణి, ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

కంటెంట్ ఐడీ అంటే మనలో చాలామందికి తెలిసింది ఫారంలో ఒక టిక్కు. అది రేషన్ డిపోలో వేలిముద్ర మిషన్ లాంటిది. మీరిచ్చిన ఆడియోని యూట్యూబ్ ముద్రగా దాచుకుంటుంది. ఆ తర్వాత ఎక్కే ప్రతి వీడియోనీ దానితో పోల్చి చూస్తుంది. కలిసిందంటే యాడ్ల డబ్బు ముద్ర ఎవరిదైతే వాళ్లకి పోతుంది. మిషన్‌కి లీజు తెలియదు, వరసలు తెలియవు. మీ పాటలో గొంతు మీది, కింద మోగేది నా బీట్. పల్లవికి ముందు, చరణాల మధ్య ఉత్త బీటే వినిపిస్తుంది. అదే బీట్ మీద ఇంకొకరు పాడితే, ఆ ఉత్త భాగాలు కలిస్తే చాలు, వాళ్ల పాట మీ ఖాతాలో పడిపోతుంది. అందుకే ముద్రగా ఇచ్చే ఆడియో మీద హక్కు మీ ఒక్కరికే ఉండాలని యూట్యూబ్ నియమం. పదిమంది వాడుకునే లీజు బీట్ ఉన్న పాట దానికి పనికిరాదు. డిస్ట్రిబ్యూటర్లు కూడా ఈ మాట చెబుతారు, కాకపోతే మనం ఆ పేజీలో కిందికి జారి జారి టిక్కు దగ్గరే ఆగుతాం.

క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ (అది తప్పు అన్న అభ్యంతరం) వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బుని యూట్యూబ్ పక్కన పెట్టి ఉంచుతుంది. ఆ తర్వాత వేస్తే, వేసిన రోజు నుంచే. అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజుల గడువు. మేం పదకొండో రోజున వేశాం, నెలంతా ఎదురుచూశాం, వాళ్లు ఏమీ అనకపోవడంతో క్లెయిమ్ దానంతటదే పోయింది. పండగ వారం డబ్బు మాత్రం తిరిగి రాలేదు. అమ్మవారి పాటకి డబ్బొచ్చేది ఆ వారమే.

ఇప్పుడు అసలు విషయం. మా నాన్నకి బొబ్బిలి దగ్గర ముప్ఫై సువర్ణరేఖ చెట్లున్నాయి. పూత మీద ఉండగానే షావుకారు వచ్చి, చెట్టు చెట్టూ తలెత్తి చూసి, కాపుకి బేరం చేస్తాడు. కావలి పెట్టుకుంటాడు, కాయ దింపుకుంటాడు, లారీ ఎత్తుకుని వెళ్లిపోతాడు. ఇన్నేళ్లలో ఒక్క షావుకారు కూడా, డబ్బులిచ్చాను కాబట్టి తోట నాది అనలేదు. తోటే కావాలంటే ఆ ధర వేరు, దానికి రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది, సాక్షులున్నారు. లీజంటే కాపు అమ్మడం. ఎక్స్‌క్లూజివ్ అంటే, బీట్ ఒక్కరికే రాసిచ్చేయడం అంటే, తోట అమ్మడం. ఇది మనందరి ఇళ్లలోనూ తెలిసిన లెక్కే, కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మర్చిపోతాం.

ఈ పోలిక ఒకచోట తెగుతుంది, దాచను. ఒకే ఏడు కాపుని ఇద్దరు షావుకార్లకి అమ్మితే మా నాన్నని తోటలోనే కొడతారు. బీట్‌ని ఒకే రోజు ఐదుగురికి లీజుకివ్వొచ్చు, ఎవరి దగ్గరా తరగదు. కానీ ఇది ఇంకా నలుగురి దగ్గర ఉంటుంది అన్న మాట ముందే చెప్పాలి. చెప్పకుండా ఇస్తే అది మోసం కిందికే వస్తుంది. ఆ రోజు టీ దగ్గర నేను చెప్పలేదు. సగం తప్పు అక్కడే ఉంది, అది నాది.

ఎక్స్‌క్లూజివ్‌లో మా వైపు ఇంకో గుట్టు ఉంది. బొబ్బిలి వీణ ఉందనుకోండి, ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు, అమ్మేశాక అది చేసినవాడి చేతిలో ఉండదు. బీట్ అమ్మినా ఫైలు నా హార్డ్ డిస్క్‌లో అలాగే ఉంటుంది. రేపు ఇంకొకడు అడిగితే చెయ్యి దురద పుడుతుంది. ఎక్స్‌క్లూజివ్ అని చెప్పి ఇద్దరికి అమ్మినవాళ్లు మా బీట్ మేకర్లలో ఉన్నారు. వాళ్ల వల్లే మీరు మమ్మల్ని నమ్మరని నాకు తెలుసు. బేరాన్ని కాగితం మీద రాసుకుందాం అంటున్నది అందుకే, అది మీ కోసం కూడా.

ధర సంగతి. నా దగ్గర ఎంపీత్రీ లీజు 1,000, నాణ్యత ఎక్కువుండే వేవ్ ఫైలు లీజు 2,500, డప్పు వేరే, బేస్ వేరే, మెలొడీ వేరేగా విడదీసిన ట్రాకవుట్ 5,000. ఎక్స్‌క్లూజివ్ 18,000 నుంచి మొదలు. "ఒకటే బీటు, 2,500 ఎక్కడ, 18,000 ఎక్కడ?" అని అడుగుతారు. బాగా పోయే బీట్‌ని ఏడుగురు వేవ్ లీజుకి తీసుకుంటే 17,500 వస్తుంది. మీకు ఎక్స్‌క్లూజివ్ రాసిచ్చిన రోజున ఆ ఏడుగురినీ నేను వదులుకుంటున్నాను. మీరు 18,000 ఇస్తున్నది ఆ ఏడుగురి కోసం. అందులో నా పని కూలి పెద్దగా ఏమీ లేదు.

ఏ బీట్ ఎలా తీసుకోవాలో కూడా చెబుతాను, నాకు కొంచెం నష్టమైనా సరే. డీజే బాక్సుల మీద మోగడానికి చేసిన మామూలు డప్పు బీట్‌ని ఎక్స్‌క్లూజివ్ కొనకండి, దండగ. అలాంటివి నేనే నెలకి నాలుగు చేస్తాను, ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి. మీ గాయని పాట పాడి పంపితే, ఆ గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి తీస్తుందో చూసి దాని చుట్టూ కట్టిన బీట్ ఉంటుంది చూడండి, అది లీజుకి పనికిరాదు. ఇంకెవరికి ఇచ్చినా కొలతలు తప్పిన చొక్కాలా ఉంటుంది. అది ఎక్స్‌క్లూజివే తీసుకోండి. నేను కూడా దానికి ఏడుగురి లెక్క వెయ్యను.

ఒక బీట్ ఇప్పటికే లీజులకి వెళ్లి ఉంటే, తర్వాత మీరు ఎక్స్‌క్లూజివ్ కొన్నంత మాత్రాన ఆ పాత పాటలు తీయించలేరు. పూత మీద కాపు బేరం అయిపోయిన తోట కొన్నవాడు ఆ ఏటికి షావుకారుని తరమలేడు కదా, అలాగే. అందుకే "ఇంతకు ముందు ఎవలికిచ్చినావు?" అని మొహమాటం లేకుండా అడగండి. చెప్పనివాడి దగ్గర కొనకండి. బీట్‌లో రెడీమేడ్ లూపులేమైనా (ఎవరో చేసి అమ్మే, తిప్పి తిప్పి వాడుకునే సంగీతం ముక్కలు) ఉన్నాయా అని కూడా అడగండి. ప్యాక్‌లో కొన్న లూపుని ప్రపంచంలో ఇంకో వెయ్యిమంది వాడుకోవచ్చు, దాన్ని నేను మీకొక్కరికే ఎలా రాసివ్వగలను?

నేను లాయర్ని కాదు, కానీ ఆ గొడవ తర్వాత 1957 నాటి కాపీరైట్ చట్టం కూర్చుని చదివాను. హక్కు రాసివ్వడం గురించి 19వ సెక్షన్ చెప్పేది చాలా సూటిగా ఉంది. రాత ఉండాలి, ఇచ్చేవాడి సంతకం ఉండాలి. ఏ పని, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడెక్కడ, ఎంత డబ్బు అన్నవి అందులో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లు అనుకోవాలి. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే, వేరే మాట రాసుకుని ఉంటే తప్ప, అది పోతుంది. లీజు కూడా రాతలో ఉండాలని 30వ సెక్షన్. మరి వాట్సాప్‌లో మీరు "ఓకే" అంటే నేను బొటనవేలు బొమ్మ పెట్టిన బేరాన్ని ఎక్స్‌క్లూజివ్ అని ఏ ముఖంతో అంటారు?

దేశం వరకే అన్న ముక్క దగ్గర కాస్త ఆగండి. మన పాటలు ఎవరు వింటున్నారు? దుబాయ్‌లో, ఖతార్‌లో డ్యూటీ దిగి, మంచం మీద వాలి, ఇయర్‌ఫోన్ పెట్టుకున్న మన ఉద్దానం కుర్రాళ్లు. మీ కామెంట్లు నిండేది వాళ్లతోనే. కాగితం లేకుండా, లేదా ఊరూ పేరూ లేని కాగితంతో బీట్ తీసుకుంటే, వాళ్లు విన్న దాని మీద మీకేం హక్కుందో మీరే ఆలోచించండి.

2012 సవరణలో ఇంకో సంగతి ఉంది. సినిమాలో లేని పాటకి కూడా, సంగీతం చేసినవాడు హక్కు రాసిచ్చేసినా, ఆ సంగీతాన్ని వాడుకున్నందుకు వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు పోదు. కొందరు ఎక్స్‌క్లూజివ్ కాగితంలో "ఇకపై ఏ రాయల్టీ అడగను" అని రాయించుకుంటున్నారు, వాళ్ల కోసం చెబుతున్నాను. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ 1969 నుంచి ఉంది. నేను నిరుడే దరఖాస్తు పెట్టాను. ఇంత ఆలస్యంగా పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊళ్లో ఉంటూ, ల్యాప్‌టాప్ మీద చేసేదాన్ని సంగీతం అనాలంటే నాకే నోరు రాలేదు. చట్టానికి ఆ మొహమాటం లేదు.

అలాగని పాటంతా నాదే అని నేనంటే అదీ దొంగ మాటే. నా బీట్ మీద గాయని కట్టుకున్న వరస ఆమెది. మాటలు రాసినవాడివి. ఊళ్లో ముత్తాతల నాటి నుంచి పాడుకుంటున్న వరస అయితే అది మనలో ఎవరిదీ కాదు, దాన్ని ముద్రగా పెట్టి పక్క ఊరివాళ్ల మీద క్లెయిమ్ వేస్తున్నవాళ్లు మనలో ఉన్నారు, వాళ్లకి ఇంకో ఉత్తరం రాయాలి.

"లీజులో పాడితే పెద్ద పాట ఎలా అవుతాది?" అని ఒకాయన అన్నారు. 2018లో అమెరికాలో లిల్ నాస్ ఎక్స్ అనే కుర్రాడు, నెదర్లాండ్స్‌లో ఉండే యంగ్‌కియో అనే ఇంకో కుర్రాడు ఆన్‌లైన్‌లో పెట్టిన బీట్‌ని 30 డాలర్లకి లీజుకి తీసుకున్నాడు. దాని మీద పాడిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు ఒకటో స్థానంలో నిలబడింది. ప్రొడ్యూసర్‌గా యంగ్‌కియో పేరు దాని మీద ఉంది. అతను బీట్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ ముక్క ఒకటి వాడాడు, వాళ్ల పేర్లూ చేరాయి.

ఈ చివరి ముక్క చదివినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకో చెబుతాను. ఆ 2,500 బీట్‌లో మీరందరూ "ఆ సౌండేటి?" అని అడిగింది జముకు అనే తంతి వాద్యం. సింథ్ అనుకున్నారు చాలామంది. జముకుల కథ చెప్పే ఒక తాతని ఏప్రిల్ మధ్యాహ్నం మా గదికి తీసుకొచ్చాను. ఫ్యాన్ ఆపేశాను, తలుపు సందులో దుప్పటి కుక్కాను. ఆయన జముకుని చంకలో ఇరికించుకుని, తంతిని ఒక చేత్తో బిగించి రెండో చేత్తో మీటాడు. బుంయ్‌మని పైకి లేచి వంగింది. రేకుల వేడికి చెమట ఆయన ముక్కు కొస నుంచి జముకు మీద పడుతోంది, ఆయన ఆపలేదు. గంటన్నర వాయించాడు. అందులోంచి నేను నాలుగు సెకన్లు కోసుకున్నాను. దాన్ని సాగదీసి, కింద కిక్ వేసి, పైన డప్పు పరిచాను. ఆ నాలుగు సెకన్ల వంపు లేకపోతే అది బీటే కాదు. ఆయనకి భోజనం పెట్టి, 500 చేతిలో పెట్టి, బస్సెక్కించాను. కాగితం లేదు. వాయించినవాడికి 50 ఏళ్ల హక్కు ఉంటుందని అదే చట్టంలో, 38వ సెక్షన్‌లో ఉంది.

ఆ చానెల్ వాళ్లు ఫోన్లో నాతో అన్న "ఇంక నీదేటి?" అన్న మాట నేను తాతతో పైకి అనలేదంతే.

వెళ్లి కలిశాను. ఆ బీట్ మీద ఎంతొచ్చినా పదో వంతు ఆయనదని తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, ఇద్దరం సంతకాలు పెట్టాం. అప్పటిదాకా వచ్చిన దాని మీద లెక్క కట్టి ఇచ్చాను. ఆయన నోట్లు లెక్కపెట్టకుండా "ఆ పాట ఓపాలి ఎట్టు బాబూ" అన్నారు.

ఇక మీ భయం గురించి. పాట హిట్టయ్యాక అదే బీట్ మీద పక్క చానెల్‌వాడు పాడేస్తాడని కదా? న్యాయమైన భయమే. 18,000 పెట్టే స్తోమత అందరికీ ఉండదని కూడా తెలుసు. చట్టం ఎంతకాలం అని రాసుకోమంది కాబట్టి మధ్యలో ఒక దారి పెట్టుకుందాం. సీజన్ ఎక్స్‌క్లూజివ్ అందాం. దసరా నుంచి సంక్రాంతి దాకా ఆ బీట్ మీ ఒక్కరిదే, ఇంకెవరికీ ఇవ్వను. సంక్రాంతి వెళ్లాక మీ పాట మీ దగ్గరే ఉంటుంది, బీట్ మళ్లీ అందరికీ తెరుస్తాను. 6,000 అనుకుంటున్నాను, బేరం ఆడండి. అది లీజే కాబట్టి కంటెంట్ ఐడీ టిక్కు మాత్రం వద్దు. ముందు లీజు తీసుకుని, పాట ఎక్కాక పూర్తి ఎక్స్‌క్లూజివ్ కావాలంటే, లీజు డబ్బు అందులో కోసేస్తాను.

కాగితం నేనే తయారు చేశాను. తెలుగులో, ఒకటే పేజీ. బీట్ పేరు, లీజా ఎక్స్‌క్లూజివా, ఎంతకాలం, ఏయే దేశాలు, ఎంత డబ్బు, కంటెంట్ ఐడీలో పెట్టొచ్చా లేదా, వీడియో కింద ఎవరెవరి పేర్లు రాయాలి, ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉంది. మీ లాయర్‌కి చూపించండి, తప్పులుంటే దిద్దండి. సంక్రాంతి పాటల పని మొదలయ్యే ముందు ఒక ఆదివారం గంటస్తంభం దగ్గర కలుద్దాం. ఈసారి టీ నాది, వాదించకండి.

ఆ 2,500 అన్నకి చివరగా ఒక మాట. మన మధ్య గొడవ అయిపోయింది, నా మనసులో ఏమీ లేదు. ఆ బీట్ నేనింకా ఎవరికీ ఎక్స్‌క్లూజివ్ ఇవ్వలేదు. మీకే కావాలంటే చెప్పండి. మీరు కాక ఇంకో ముగ్గురి దగ్గర లీజు ఉంది, వాళ్లెవరో చెబుతాను. ధర మాత్రం తాతని అడిగి చెబుతాను.

ఇట్లు,
మీ బీట్ల తమ్ముడు,
కంటోన్మెంట్, విజయనగరం